గంటలు మోసిన భుజాలు

మాలో చాలామందిమి కార్డోబాకు టికెట్టు కొనకుండానే వెళ్ళొచ్చాం. ఇక్బాల్ తీసుకెళ్ళాడు. 1933లో స్పెయిన్ వెళ్ళి అక్కడి పెద్ద మసీదులో నమాజు చేశాడాయన. ‘మస్జిదె ఖుర్తుబా’ కవిత 1935లో ‘బాలె జిబ్రీల్’లో వచ్చింది. ప్రేమతో కట్టింది కాలానికి లొంగదని అందులో ఆయన వాదన. ఆ కవిత వింటూ కళ్ళు తుడుచుకున్న పెద్దలు మా ఇళ్ళల్లో ఉన్నారు.

ఎనిమిదో శతాబ్దంలో మొదటి అబ్దుల్ రహ్మాన్ మొదలుపెట్టిన మసీదు అది. ఎనిమిది వందలకు పైగా స్తంభాలు. వాటిలో ఎన్నో పాత రోమన్, విసిగోత్ కట్టడాల నుంచి తెచ్చినవే. 1236లో మూడో ఫెర్డినాండ్ నగరాన్ని గెలిచాక చర్చి అయింది. 1523లో ఆ స్తంభాల నడుమనే కథీడ్రల్ లేపడం మొదలైంది. 1984లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవాళ ఎవరైనా డబ్బు కట్టి చూడొచ్చు. ముస్లిం సజ్దా చేయడానికి మాత్రం వీల్లేదు. 1992 డిసెంబరు 6ను చూసినవాళ్ళం, ఇక్బాల్ దుఃఖం మాకు తెలియనిది కాదు.

తెలిసినంత మాత్రాన ఆ కవితను మొత్తంగా ఒప్పుకోలేం. 997లో కార్డోబా పాలకుడు అల్ మన్సూర్ శాంటియాగో చర్చి గంటల్ని క్రైస్తవ ఖైదీలతో మోయించి తెచ్చాడనీ, అవి ఈ మసీదులో దీపాలయ్యాయనీ చరిత్రకారులు రాశారు. 1236 తర్వాత అవే గంటల్ని ముస్లిం ఖైదీలతో వెనక్కి మోయించారట. మతం మారింది, గంటలు అవే, బరువూ అదే. కట్టిన చేతుల్ని ఇక్బాల్ కీర్తించాడు. మోసిన భుజాలు ఆయనకు కనపడలేదు. కవిత చివర్లో ఓ రైతు కూతురి పాట వినిపిస్తుంది గానీ ఆమె బతుకు వినిపించదు.

అంతేకాదు. ఇబ్న్ రుష్ద్ 1126లో పుట్టింది ఆ ఊళ్ళోనే. 1195లో ఆయన్ని వెళ్ళగొట్టి, తత్వశాస్త్ర గ్రంథాల్ని తగలబెట్టించింది ఏ క్రైస్తవ రాజో కాదు, ముస్లిం ఖలీఫాయే. పోయిన వైభవం కోసం ఏడ్చేటప్పుడు ఈ మంటను ఎందుకు మరిచిపోతాం?

మేం దూదేకినవాళ్ళం, గాజులమ్మినవాళ్ళం, రిక్షా తొక్కినవాళ్ళం. ‘మీ సుల్తానులు’ అని మమ్మల్ని నిలదీసేవాళ్ళున్నారు. ‘మన సుల్తానులు’ అని మురిసిపోయే మావాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ మా జవాబు ఒకటే. ఏ సుల్తానూ మమ్మల్నడిగి గంటలు తేలేదు. కార్డోబా వెళ్ళే రోజు వస్తే ఆ స్తంభాల్ని కళ్ళారా చూస్తాం. అక్కడ మా పూర్వీకులెవరని అడిగితే మాత్రం మోసినవాళ్ళనే చూపిస్తాం, వెళ్ళేటప్పుడు మోసినవాళ్ళనీ, వచ్చేటప్పుడు మోసినవాళ్ళనీ.