వెళ్ళిపోయినవాడి ఇష్టాయిష్టాలు

ఈ పాటలో జరిగేది చాలా తక్కువ. పొద్దున్న ఆరు గంటలకి ఒక అమ్మాయి నిద్ర లేస్తుంది. గుడ్లు, పాన్‌కేకులు చేసుకుంటుంది. పచ్చసొన చిదిపి పళ్ళెంలో ఒక నవ్వు మొహం గీస్తుంది. అద్దం మీద మరకలు తుడుస్తుంది. తల్లికి ఫోను చేస్తే ఆవిడ నడకకి వెళ్ళింది. పేపరు తిరగేస్తే అన్నీ చెడ్డ వార్తలే. వానలో కోటు తగిలించుకుని సినిమాకి వెళ్తుంది, అదీ నచ్చదు. రాత్రి పళ్ళు తోముకుని, టూత్‌పేస్టుకి మూత పెట్టి, పక్క మీదికి చేరుతుంది. అంతే. మధ్యమధ్యలో పల్లవి వచ్చి, నువ్వు నాకోసమే, నేను నీకోసమే అని లేనివాడికి చెప్పి వెళ్తుంటుంది.

పాట పేరు 'యూ వర్ మెంట్ ఫర్ మీ'. పాడింది అమెరికన్ గాయని జ్యువెల్. స్టీవ్ పోల్ట్జ్ అనే పాటగాడితో కలిసి రాసింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన ఆమె తొలి ఆల్బమ్ 'పీసెస్ ఆఫ్ యూ'లో ఈ పాట ఉంది. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. తర్వాత రేడియో కోసం మళ్ళీ రికార్డు చేసి 1996 చివర్లో సింగిల్‌గా వదిలారు. 1997లో అది బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 2వ స్థానానికి చేరింది. 'ఫూలిష్ గేమ్స్' అనే మరో పాటతో జతగా 65 వారాలు ఆ పట్టికలో నిలిచింది. ఆ ఏడాది మొత్తానికి వేసిన లెక్కలో కూడా ఈ జంటది 2వ స్థానమే. (మొదటి స్థానం ఎల్టన్ జాన్‌ది. మార్లిన్ మన్రో మీద 1973లో పాడిన పాటని, డయానా చనిపోయాక మాటలు మార్చి మళ్ళీ పాడాడు. చనిపోయిన స్త్రీ గురించి పురుషుడు పాడింది ముందు, ఒంటరిగా మిగిలిన స్త్రీ తన గురించి తను పాడుకున్నది దాని వెనక. లోకం వరుస ఎప్పుడూ ఇంతే అనిపించి నవ్వొచ్చింది.)

ఈ పాటని విరహగీతంగా వినడం సులువు. చాలామంది అలాగే విన్నారు. కానీ చరణాల్లో ఆ అమ్మాయి చెప్పుకునే పనుల జాబితాని కాస్త ఆగి చూడండి. తాళంచెవులు తలుపుకే వదిలెయ్యడం మానేసింది. తడి తువ్వాళ్ళు నేల మీద పడెయ్యడం ఇప్పుడు లేదు. ఇవి ఎవరి ఫిర్యాదులో వేరే చెప్పక్కర్లేదు. కలిసి ఉన్నన్నాళ్ళూ విన్న సణుగుడు అంతా ఇప్పుడు ఆమె దినచర్య అయిపోయింది. మనిషి వెళ్ళిపోయాడు, అతని ఇష్టాయిష్టాలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. పైగా అది అతని ఇల్లు కూడా కాదు. ఆమె కొత్త చోటుకి మారింది, ఆ చోటు తనకి కాస్త నచ్చిందనీ అంటుంది. వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీకి తనదంటూ ఒక గది కావాలంది. ఈమెకి ఆ గది దొరికింది. అందులో ఆమె చేస్తున్నదల్లా అతను ఎప్పుడైనా తిరిగొచ్చి చూస్తే బాగుందనిపించేలా సర్దుకోవడం. గోడలూ అద్దె చీటీ మన పేరు మీద ఉన్నంత మాత్రాన లోపల కూర్చున్న పర్యవేక్షకుడు ఖాళీ చెయ్యడన్న సంగతి ఇంత మామూలు వస్తువులతో చెప్పిన పాప్ పాట నాకు ఇంకొకటి తట్టడం లేదు.

వంటింటిని, ఇంటి పనిని కవిత్వంలోకి తెచ్చిన తరం మనకీ ఉంది. విమల 'వంటిల్లు' చదివినవాళ్ళకి ఆ ఆగ్రహం గుర్తుండే ఉంటుంది. ఆ కవితలో చాకిరీకి పేరు ఉంది, దాన్ని కూలగొట్టాలన్న పిలుపూ ఉంది. జ్యువెల్ పాటలో అమ్మాయికి అలాంటి ఎరుక లేదు. తను లొంగి ఉన్నానని ఆమె అనుకోదు, అతన్ని ప్రేమిస్తున్నానని అనుకుంటుంది. ఇందుకే దీన్ని స్త్రీవాద గీతమని నేను అనను. వినేవాళ్ళకి తెలిసింది పాడే పాత్రకి తెలియకపోవడం దీని బలం. అయితే ఆ తెలియకపోవడం మనకి వినపడాలంటే పాట కొంత నెమ్మదిగా ఉండాలి. రెండు రికార్డింగుల తేడా ఇక్కడే తేలుతుంది.

మొదటి ఆల్బమ్ నాటికి జ్యువెల్ ఇరవై ఏళ్ళ పిల్ల. అలాస్కాలో పెరిగింది. చిన్నప్పటి నుంచి తండ్రితో కలిసి బార్లలో పాడింది. శాన్ డియాగోలో ఉండటానికి చోటు లేక కొంతకాలం కారులోనే పడుకుంది. ఆ రోజుల్లో ఇన్నర్ చేంజ్ అనే చిన్న కాఫీ షాపులో పాడేది. ఆల్బమ్‌లో కొంత భాగం అక్కడే, జనం ముందు రికార్డయింది. మిగతాది నీల్ యంగ్ రాంచ్‌లోని స్టూడియోలో, బెన్ కీత్ నిర్మాతగా తయారైంది. మొత్తం మీద అలంకారం తక్కువ. గిటారు, గొంతు, వాటి మధ్య బోలెడంత ఖాళీ. గొంతు అక్కడక్కడ తడబడుతుంది, ఒక మాట దగ్గర పిల్లలా, ఇంకో మాట దగ్గర అలిసిపోయిన ఆడమనిషిలా వినిపిస్తుంది. ఆ పద్ధతిలో ఈ పాట వింటే చరణమే పాట. తువ్వాలు, తాళంచెవి, టూత్‌పేస్టు మూత ఒక్కొక్కటే విడివిడిగా చెవిన పడతాయి. పల్లవి తనకి తను చెప్పుకుంటున్న సర్దుబాటులా, అంత నమ్మకం లేకుండా వస్తుంది.

రేడియో రూపంలో మాటలు మారలేదు. ఖాళీలు మాత్రం నిండాయి. వెనక లయ స్థిరంగా నడుస్తుంది, వాద్యాలు వచ్చి చేరాయి, గొంతుకి ధీమా వచ్చింది. కారులో, దుకాణంలో, ఇంకో పని చేసుకుంటూ వినేవాళ్ళ చెవిలో చివరికి మిగిలేది పల్లవి. నువ్వు నాకోసమే అన్నమాట ఇప్పుడు హామీ అయింది. తడి తువ్వాళ్ళు ముచ్చటైన వివరాలయ్యాయి. ఆమె చాకిరీకి తాళం కుదిరింది.

దీన్ని కళాకారిణి అమ్ముడుపోవడం అని తేల్చెయ్యడం నాకు ఇష్టం లేదు. అప్పటి రేడియో సంగతి తెలియకుండా ఆ తీర్పు ఇవ్వలేం. వరసగా ఇద్దరు గాయనుల పాటలు వెయ్యకూడదన్నది ఆ రోజుల్లో అమెరికన్ రేడియోలో నడిచిన అలిఖిత నియమం. కచేరీ నిర్వాహకులు కూడా ఒకే వేదిక మీద ఇద్దరు ఆడవాళ్ళంటే టిక్కెట్లు తెగవనేవాళ్ళు. సారా మెక్‌లాక్లన్ దానికి జవాబుగా 1997లో గాయనులతోనే లిలిత్ ఫెయిర్ అనే సంచార సంగీతోత్సవం మొదలుపెట్టింది. జ్యువెల్ కూడా అందులో పాడింది. ఒక గంటలో ఒక ఆడగొంతుకే చోటున్న దగ్గర ఆ ఒక్కటీ ఎలా ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆల్బమ్ పేరిటి పాట సంగతే చూడండి. వికారంగా ఉన్న అమ్మాయినీ, అందంగా ఉన్న అమ్మాయినీ, స్వలింగ ప్రేమికుడినీ, యూదుడినీ ఎందుకు ద్వేషిస్తున్నావని అది శ్రోతనే నిలదీస్తుంది, ఆ ద్వేషపు మాటలతోనే. 'డాడీ' అనే పాట తండ్రి మీద కోపం. ఈ రెండూ సింగిల్స్‌గా రాలేదు. ప్రశ్నించే అమ్మాయి ఆల్బమ్‌లోనే ఉండిపోయింది, ఎదురుచూసే అమ్మాయి రేడియోకెక్కింది. మెరుగు దిద్దడం కన్నా ముందు జరిగిన ఈ ఎంపిక నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. సంకలనాలకి కథలూ కవితలూ ఏరే చేతుల గురించి మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్నదీ ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆమె గొంతు, ఆమె అనుభవం అని మనం వింటున్న మాటల్లో కొన్ని ఒక పురుషుడివి. అతను కొన్నాళ్ళు ఆమె స్నేహితుడు, ప్రేమికుడు కూడా. పాటకి తీసిన ఒక వీడియోలో ప్రియుడిగా కనిపించేదీ పోల్ట్జే. అంటే వెళ్ళిపోయినవాడు తన లేమిని గురించి తనే ఒక చెయ్యి వేశాడన్నమాట! అంతమాత్రాన పాట ఆమెది కాకుండా పోతుందని నేను అనుకోను. ఇద్దరు కూర్చుని నవ్వుకుంటూ రాసుకున్న వెటకారం కూడా ఇందులో ఉందేమో అనిపిస్తుంది. కాఫీ కప్పుని ఓదార్చబోతే అది మాట్లాడలేదనే చమత్కారం చూడండి, ఏడుస్తున్న మనిషి మాట కాదది. ఆ వెటకారం మొదటి రూపంలో పైకి తేలుతుంది. రెండోదానిలో తీపి కింద ఉండిపోతుంది.

అయినా రేడియో రూపాన్ని నేను పారెయ్యలేను. మళ్ళీ మళ్ళీ విన్నాక ఆ స్థిరమైన లయకి ఇంకో అర్థం తోస్తోంది. ఆ అమ్మాయి రోజు నిజంగా అలాగే గడుస్తుంది. గుండె పగిలినా గుడ్లు మాడకుండా, మరక మిగలకుండా, మూత మర్చిపోకుండా. దుఃఖానికి పని ఆపే హక్కు లేని ఆడవాళ్ళకి ఆ తాళం కొత్త కాదు. మొదటి రికార్డింగులో ఆమె ఆగి ఊపిరి తీసుకుంటుంది. రెండోదానిలో ఆగడానికి లేదు. హాయిగా ఉండటమే అందులో భయపెట్టే విషయం. తయారుచేసినవాళ్ళు ఇదంతా ఉద్దేశించి ఉండరు, వాళ్ళకి కావలసింది రేడియో. ఈ ఆల్బమ్ అమెరికాలో 1.2 కోట్ల కాపీల ధ్రువీకరణ పొందిందంటే వాళ్ళ లెక్క తప్పలేదు. కాని కొన్న అమ్మాయిల్లో ఎంతోమంది, రేడియోలో విన్న ఆ ఒక్క పాట కోసం కొని, ఇంటికెళ్ళి 'డాడీ' కూడా విన్నారు కదా. ఈ దొడ్డిదారిని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు.

రెండు రూపాల్లోనూ చివరి చరణం దగ్గర నేను ఆగిపోతాను. పళ్ళు తోముకున్నాక, లైటు వేసి వదిలేస్తే నీకు చిరాకు అని ఆమె అతన్ని తలుచుకుంటుంది. తువ్వాళ్ళ విషయంలో మానేశానని చెప్పింది. మూత పెట్టానని చెప్పింది. లైటు ఆర్పానని మాత్రం చెప్పదు. ఆ వెంటనే ఒక పుస్తకం చేతిలోకి తీసుకుంటుంది. చదవాలంటే వెలుతురు కావాలి కదా.