పోట్లాడుకునే వీరులు

1961 ఆగస్టులో అమెరికాలోని పత్రికల దుకాణాలకు పది సెంట్ల కామిక్ ఒకటి వచ్చింది. అట్ట మీద నవంబరు అని ఉంటుంది. నాలుగు రోజులు ఎక్కువగా అమ్మకానికి ఉంచడానికి తేదీని ముందుకు జరిపి అచ్చువేయడం అక్కడి ప్రచురణకర్తలకు అలవాటు. బొమ్మలో నడిరోడ్డు బద్దలు కొట్టుకుని ఒక పచ్చటి భూతం లేస్తోంది. దాని గుప్పిట్లో ఒక అమ్మాయి, చుట్టూ ముగ్గురు మగవాళ్లు. ముసుగుల్లేవు, గాల్లో రెపరెపలాడే అంగీలు లేవు. అప్పట్లో ఆ సంస్థ నెలనెలా కుప్పలుతెప్పలుగా వేసే భూతాల కామిక్కుల్లో ఇదీ ఒకటి అనుకుని ఎవరైనా పక్కన పెట్టేస్తారు. ఆ సంస్థే తర్వాత మార్వెల్ పేరుతో ప్రపంచానికి తెలిసింది. ఆ పుస్తకం ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక. రచన స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ.

మార్వెల్ సినిమాలు చూసి పెరిగినవాళ్లు ఈ తొలి సంచికలను ఇప్పుడు తెరిస్తే ముందు కాస్త నిరాశపడతారు. కథలు హడావిడిగా పరుగెడతాయి. గడులు ఇరుకు. రష్యావాళ్ల కంటే ముందు అంతరిక్షం చేరాలన్న ఆత్రం మొదటి కథలోనే కనిపిస్తుంది. ఆశ్చర్యం లేదు, రష్యన్ వ్యోమగామి గగారిన్ భూమిని చుట్టి వచ్చింది అదే ఏడాది ఏప్రిల్‌లో. కానీ కథలోని నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరు మాత్రం ఇవాళ్టికీ పాతబడలేదు. వాళ్లు మాట్లాడుకోవడం అంటే పోట్లాడుకోవడమే.

మొదటి సంచికలో దాదాపు మూడోవంతు పాత్రల పరిచయానికే పోతుంది. సెంట్రల్ సిటీ ఆకాశంలో పొగతో ఒక సంకేతం వెలుస్తుంది. అది చూసి నలుగురూ ఎక్కడివాళ్లక్కడ బయల్దేరతారు. స్నేహితురాలితో టీ తాగుతున్న స్యూ ఉన్నచోటే మాయమై, జనాన్ని తోసుకుంటూ వెళ్లి టాక్సీ ఎక్కుతుంది. కనపడని చేతుల్లోంచి డబ్బు వచ్చేసరికి డ్రైవరుకు వణుకు పుడుతుంది. బెన్ బట్టల కొట్లో ఉంటాడు. అతని కొలతకు సరిపడే చొక్కా అక్కడ లేదు. బయటికి పోదామంటే తలుపూ చాలదు, బద్దలు కొట్టుకుని పోతాడు. జానీ గ్యారేజీలో కారు చూసుకుంటూ మంటై లేచేసరికి ఆ కారు కాస్తా కరిగిపోతుంది. వీళ్ల శక్తులు ముందు ఊరికి చేటు చేస్తాయి, జనం హడలిపోతారు, సైన్యం విమానాలు పంపుతుంది. అప్పటిదాకా సూపర్‌హీరో వస్తున్నాడంటే ఊపిరి పీల్చుకునే జనాన్నే కామిక్కులు ఎక్కువగా చూపించాయి. ఇక్కడ వాళ్లను చూసి జనం పరుగెడుతున్నారు.

వెనక్కి వెళ్లి అసలు కథ చెప్పేటప్పుడు రచయిత తగవునే సాధనంగా వాడుకున్నాడు. నలుగురిలో నాలుగోవాడైన శాస్త్రవేత్త రీడ్ కట్టిన రాకెట్‌కు కాస్మిక్ కిరణాల నుంచి తగినంత రక్షణ లేదని పైలట్ బెన్ మొండికేస్తాడు. స్యూ పిరికివాడని ఎత్తిపొడుస్తుంది. ఆ మాట పడలేక ఎక్కుతాడు. ఆ కిరణాలు సోకి తిరిగి నేల మీద పడేసరికి అందరికంటే ఘోరంగా మారిపోయింది, ముందే వద్దన్న ఆ మనిషే. మిగతా ముగ్గురూ కావాలనుకున్నప్పుడు మామూలు రూపానికి రాగలరు, బెన్ రాలేడు. అతను చెట్టు పెకలించి రీడ్ మీదికి వెళ్లడంలో న్యాయం ఉంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ బృందంలో రాజుకునే ప్రతి చిన్న గొడవకూ మూలం ఈ రాకెట్ ప్రయాణమే. రీడ్‌లోని అపరాధ భావం, బెన్ నోటి దురుసు, జానీ వెక్కిరింతలు అన్నీ ఇక్కడి నుంచే మొదలు. బయటి శత్రువు అక్కర్లేకుండానే కథ నడిచే ఏర్పాటు మొదటి సంచికలోనే జరిగిపోయింది.

ఇలా రాయడం వీలైంది పని జరిగిన పద్ధతి వల్ల. లీ సంపాదకుడు కూడా. ఒకేసారి చాలా కామిక్కులు ఆయన చేతి మీదుగా వెళ్లాలి. అన్నిటికీ పూర్తి స్క్రిప్టులు రాసే తీరిక లేదు. అందుకని కథ స్థూలంగా అనుకునేవాళ్లు. కర్బీ లాంగ్ ఐలాండ్‌లో తన ఇంటి నేలమాళిగలో కూర్చుని, ఏ పేజీలో ఏం జరగాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఎవరి ముఖం దగ్గరగా చూపాలో తానే నిర్ణయించి కథంతా గీసేవాడు. ఆ బొమ్మల మీద లీ మాటలు రాసేవాడు. దీనికే మార్వెల్ పద్ధతి అని పేరు పడింది. బొమ్మే కథంతా చెప్పేస్తే మాటకు ఇంకేం పని? లీ ఆ ఖాళీలో మనుషుల గొంతులు పెట్టాడు. బెన్ గుద్దుతున్న గడిలో గుద్దుతున్నానని బెన్ చెప్పక్కర్లేదు, పక్కనున్న జానీని నాలుగు తిట్టవచ్చు. మాటల బుడగలను చేత్తో మూసి ఒకసారి చదివి చూడండి, కథ తొంభై పాళ్లు అర్థమవుతుంది. చెయ్యి తీసి మళ్లీ చదివితే అవే బొమ్మల మీద నలుగురు మనుషులు వాదించుకుంటూ వినిపిస్తారు.

ఈ పద్ధతిలో అన్యాయమూ ఉంది. కథను గడి గడికీ అల్లినవాడికి రచయితగా పేరు దక్కలేదు. ఇద్దరిలో ఎవరి వాటా ఎంత అన్న వివాదం కర్బీ 1994లో పోయాక కూడా ఆగలేదు. కర్బీ వారసులకూ మార్వెల్‌కూ నడిచిన వ్యాజ్యం 2014లో రాజీతో ముగిసింది. ఆ పేజీలు చూస్తే కర్బీని కేవలం చిత్రకారుడని పిలవడం నాకు తప్పనిపిస్తుంది. అలాగని లీని తీసిపారేస్తే బెన్ మూగవాడవుతాడు.

ఆ బెన్‌లో కర్బీ చాలా ఉన్నాడు. న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్‌లో, వలస వచ్చిన యూదుల ఇరుకిళ్ల మధ్య, వీధి ముఠాల తన్నులాటల్లో పెరిగినవాడు కర్బీ. ఆరో సంచిక నుంచి బెన్‌ను ఏడిపించే యాన్సీ స్ట్రీట్ ముఠా అక్కడి డెలాన్సీ వీధికి దగ్గరి చుట్టం. తొలి సంచికల్లో బెన్ ఒళ్లు పలకలుగా పేర్చిన రాయిలా ఉండదు, ముద్దలు ముద్దలుగా ఎండిన బురదలా ఉంటుంది. చూడటానికి నిజంగానే జుగుప్స పుడుతుంది. అతని బాధను నమ్మించేది ఆ వికారమే. తర్వాత రాతి పలకలు అందంగా అమరిపోయాక అతను ముద్దొచ్చే బొమ్మ అయిపోయాడు. నాకు పాత బురద బెన్ అంటేనే ఇష్టం.

నాలుగో సంచిక (మే 1962) చదవకపోతే ఈ వరసలో చాలా పోగొట్టుకున్నట్టే. ముందు సంచిక చివర బెన్‌తో గొడవపడి జానీ ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. నిరుపేదలు తలదాచుకునే బావరీ ప్రాంతపు చవక బసలో చేరాడు. అక్కడ అతనికి 1940ల నాటి పాత కామిక్ దొరుకుతుంది, అందులో సముద్ర వీరుడు సబ్-మెరైనర్ కథ. అదే గదిలో గడ్డం మాసిన ఒక మతిమరుపు మనిషిని అందరూ గేలి చేస్తుంటారు. జానీ తన వేలి మంటతో ఆ గడ్డం తీస్తే బయటపడ్డ ముఖం పుస్తకంలోనిదే, నేమార్. బిల్ ఎవరెట్ 1939లో సృష్టించిన పాత్ర అది. పాత కామిక్ కొత్త కామిక్‌లో ఒక వస్తువుగా మారి, దానిలోంచి మనిషి లేచి రావడం అంత చిన్న పుస్తకంలో ఎంత సాహసం! జానీ అతన్ని సముద్రంలో పడేస్తే జ్ఞాపకం తిరిగొస్తుంది. ఈదుకుంటూ ఇంటికి వెళ్తే అతని రాజ్యం అణు పరీక్షలకు నాశనమై ఉంటుంది. నగరం మీదికి తిమింగలం లాంటి జంతువును తోలుకొచ్చే ఈ శత్రువు వాదన తప్పు అనలేం. విలన్‌కూ ఒక గోడు ఉండటం ఇక్కడ వేరూనింది. తర్వాతి సంచికలో వచ్చిన డాక్టర్ డూమ్‌కు మాత్రం మొదట్లో అంత లోతు లేదు. వచ్చీ రాగానే వీళ్లను సముద్రపు దొంగల కాలానికి పంపించి పెట్టెడు నిధి తెమ్మంటాడు, అంతే. అతనికి పూర్తి జీవితకథ రావడానికి ఇంకా రెండేళ్లు పట్టింది.

నాసిరకం కథలకూ కొదవలేదు. రెండో సంచికలో రూపాలు మార్చే స్క్రల్స్ అన్న గ్రహాంతర వాసులను రీడ్ వేరే కామిక్కుల్లోంచి కత్తిరించిన భూతాల బొమ్మలు చూపించి బెదిరించి, చివరికి ఆవులుగా మార్చి పొలంలో వదిలేస్తాడు. దీన్ని చమత్కారం అనాలో, గడువు ముంచుకొచ్చిందని అనాలో చదివేవారిష్టం.

స్యూ విషయంలో మాత్రం సరదాగా తీసిపారేయడం కుదరదు. నలుగురిలో ఆమెది దాక్కునే శక్తి. తరచూ శత్రువుకు చిక్కుతుంది, ఏడుస్తుంది, రీడ్‌కూ నేమార్‌కూ మధ్య మనసు ఎటూ తేల్చుకోలేకపోతుంది. పాఠకులు ఊరుకోలేదు. మూడో సంచికతో మొదలైన ఉత్తరాల పేజీకి, ఈమె బృందంలో ఎందుకని రాశారు. పదకొండో సంచికలో ఆ ఉత్తరాలు కథలోకే వచ్చాయి. అవి చదివి స్యూ కన్నీళ్లు పెట్టుకుంటుంది. రీడ్, బెన్ ఆమె తరఫున నిలబడతారు. అయితే రీడ్ చెప్పే సమర్థనలో అబ్రహాం లింకన్ తల్లి ఉదాహరణ వస్తుంది. గొప్పవాడి వెనక ఉండటమే ఆడదాని గొప్ప అన్నట్టుంటుంది ఆ వరస. మెచ్చుకోబోయి చిన్నబుచ్చడం అంటే అదే. దాదాపు ఏడాది గడిచాక, 1964 జనవరి తేదీతో వచ్చిన ఇరవై రెండో సంచికలో స్యూకు కనపడని కవచాన్ని అల్లే శక్తి వచ్చింది. అప్పటినుంచి దెబ్బలు తగలకుండా మిగతా ముగ్గురినీ కాచే పని ఎక్కువగా ఆమెదే అయింది.