కార్డు వెనక వైపు

ఈ వారం కృష్ణానగర్‌లో ఒక స్టేషనరీ కొట్టు ముందు నిలబడితే ఒళ్లు మండింది. మే రెండో ఆదివారం వచ్చే మదర్స్ డే దగ్గరపడుతోందని ‘చేత్తో చేసే కార్డు’ కిట్లు వరసగా వేలాడదీశారు. గుండె బొమ్మలు ముందే కత్తిరించేశారు, పువ్వులకు జిగురు ముందే పూసేశారు, అమ్మకు చెప్పాల్సిన ముక్క కూడా ఇంగ్లిషులో అచ్చేసేశారు. పిల్లలకు మిగిలింది అంటించడం ఒక్కటే. చేత్తో రాసిందే రాత అని ఈ కాలమ్‌లో ఎంత పంతం పడుతుంటానో మీకు తెలుసు.

ఈ విషయంలో నాకన్నా పట్టుదల గల మనిషి అన్నా జార్విస్. మదర్స్ డేకి ఆద్యురాలు ఆవిడే. 1908లో వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ అనే ఊళ్లో, చర్చిలో, తన తల్లి జ్ఞాపకంగా ఆ రోజును మొదలుపెట్టించింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ దేశమంతా జరుపుకొమ్మని ప్రకటించాడు. తీరా పూలవాళ్లూ మిఠాయివాళ్లూ కార్డులు అచ్చేసేవాళ్లూ దాన్ని బేరంలోకి దించేసరికి, తాను తెచ్చిన పండుగ మీదే ఏళ్ల తరబడి పోరాడింది. అమ్మకు నీ చేత్తో ఉత్తరం రాయి, అచ్చు కార్డు కొనకు అన్నది ఆవిడ వాదం. నాదీ అదే.

అందులోనూ మన పిల్లలకు ఒక అదృష్టం ఉంది. ఏప్రిల్ చివరికే బడులు మూసేస్తారు కాబట్టి, టీచరు బోర్డు మీద రాసింది క్లాసంతా దించుకునే బాధ చాలామందికి లేదు. తోచింది గీసుకోవచ్చు, తోచింది రాసుకోవచ్చు. అలాంటి చోటికి ఈ కిట్లు వచ్చిపడ్డాయి.

అదే కొట్లో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు చార్టూ క్రేయాన్లూ కొంటున్నాడు. ఏడేళ్ల పాప వాళ్లమ్మకిచ్చే కార్డు మర్నాటి షూటింగుకి కావాలట. ఎలా చేస్తావని అడిగితే అక్కడే కౌంటరు మీద చేసి చూపించాడు. పెన్సిల్ ఎడమ చేతిలోకి మార్చాడు. ‘అమ్మ’లో మ వత్తు పక్కకు జారిపోయింది. గీత మీద మొదలైన వరస చివరికొచ్చేసరికి కిందికి దిగింది. ఒక అక్షరాన్ని రబ్బరుతో రుద్ది, కాగితం మీద నల్లటి మరక మిగిల్చాడు. సీన్లో తల్లి దాన్ని పట్టుకుని ఏడవాలి, తడిసిపోతుంది, అందుకని రీటేకుల కోసం అచ్చం ఇలాంటివే ఇంకొన్ని చెయ్యాలన్నాడు. మరక చోటు మారితే కంటిన్యూటీ పోతుంది. ఆ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. “మరి లోపల ఏం రాస్తావు?” అన్నాను. “స్క్రిప్టులో ఉందండీ. అమ్మా, ఐ లవ్ యూ.”

అప్పుడు ఆలోచనలో పడ్డాను. ఆ కార్డు మొత్తం చేత్తో చేసిందే. అయినా కిట్టులో ఉన్న మాటే దాన్లోనూ ఉంది.

మేం కృష్ణానగర్‌లో అద్దెకున్న రోజుల్లో మా పక్క వాటాలో ఒకావిడ సినిమాల్లో కాస్ట్యూమ్స్ పనిచేసేది. పొద్దున ఆరింటికి షూటింగంటే ఇంకా చీకటుండగానే బయల్దేరాలి. తిరిగొచ్చేసరికి పిల్లలిద్దరూ నిద్దట్లో ఉండేవారు. కూతురు రాత్రిపూట రూళ్ల నోట్‌బుక్‌లోంచి సగం కాగితం చింపి, నాలుగు ముక్కలు రాసి, పొయ్యి పక్కన చక్కెర డబ్బా కింద పెట్టేది. ఒకరోజు ఆవిడ నాకు చూపించిన చీటీ ఇంకా గుర్తుంది. “అమ్మా, పాలు కాచాను. కొంచెం పొంగాయి, తుడిచేశాను. తమ్ముడు లెక్కలు చెయ్యలేదు. ఫీజు సోమవారం లోపు కట్టమన్నారు. పొద్దున వెళ్లేటప్పుడు నన్ను లేపు.” దాని కిందే అమ్మ రాత: “లేపాను, లేవలేదు. ఫీజు డబ్బులు బియ్యం డబ్బాలో ఉన్నాయి. పాలు పొంగితే పొంగనీ, చెయ్యి కాల్చుకోకు.”

ఆ చీటీ మీద పువ్వు లేదు, రంగు లేదు, ప్రేమ అనే మాటే లేదు. ఆ పిల్లకు మాత్రం తను రాస్తే జవాబొస్తుందని తెలుసు. అందుకే రోజూ రాసేది.

బిడ్డకు తల్లి జవాబివ్వడం కొత్తేమీ కాదు. 2017 సంక్రాంతికి క్రిష్ తీసిన ‘గౌతమిపుత్ర శాతకర్ణి’ చూసినవాళ్లకు తల్లి పేరును తన పేరులో మోసిన రాజు గుర్తుంటాడు. ఆ రాజు గురించి మనకింత తెలిసిందంటే అది చాలావరకు తల్లి చలవే. మనవడు పులుమావి పాలన 19వ ఏట గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో శాసనం వేయించింది. కొడుకు శకుల్నీ యవనుల్నీ పహ్లవుల్నీ ఓడించాడని చెప్పడంతో ఆగలేదు, అమ్మకు సేవ చెయ్యడం ఎన్నడూ మానలేదని కూడా రాయి మీద చెక్కించింది. ఆ తల్లి జవాబిచ్చింది.

మనం ఏం చేస్తున్నాం? పిల్ల కార్డు ఇవ్వగానే ఫొటో తీసి స్టేటస్‌లో పెడతాం. ఊరందరికీ చూపిస్తాం, రాసిన పిల్లకు మాత్రం ఒక్క ముక్క తిరిగి రాయం. జూబ్లీహిల్స్ బంగళాలోనైనా ఫిల్మ్‌నగర్ బస్తీలోనైనా ఇదే జరుగుతోంది. ఇన్నేళ్లూ నేను పిల్లల చేతుల మీదే పంతం పట్టాను. ఇప్పుడు అడగాల్సింది అమ్మల్ని అనిపిస్తోంది.

అది కిట్ కార్డయినా సరే, వెనక వైపు ఖాళీగానే ఉంటుంది. అక్కడ రాయండి. “బొమ్మలో నాకు నీలం చీర కట్టావు, అది నాకిష్టమని నీకెలా తెలిసింది?” అని అడగండి. రాసి, పొద్దున ఆ పిల్ల కంటబడేచోట పెట్టండి. అమ్మ అడిగిన దానికి ఏం రాయాలో ఏ పిల్లకూ ఎవరూ చెప్పక్కర్లేదు.