రెండో వారం కోసం ఎదురుచూపు

ఈ చలికాలం సినిమాల లెక్క ఇప్పటికే ఒకసారి తప్పింది. డిసెంబర్ 5న రావాల్సిన ‘అఖండ 2’ ముందురోజు రాత్రి ప్రీమియర్లతో సహా ఆగిపోయింది. పాత బాకీల గొడవ మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి, చివరికి వారం ఆలస్యంగా 12న వచ్చింది. అదే రోజున రావాల్సిన ‘మోగ్లీ’ అనే చిన్న సినిమా దారిచ్చి 13కి జరిగింది. ‘మోగ్లీ’ తీసిన సందీప్ రాజ్ ఎవరో కాదు, ‘కలర్ ఫొటో’ దర్శకుడు. ఆ సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అయినా పెద్ద సినిమా వస్తోందంటే పక్కకి తప్పుకోవాల్సిందే. మన చలికాలంలో తేదీలన్నీ పెద్దోళ్ళవి, మిగిలిన సందులు చిన్నోళ్ళవి.

ఆ సందుల్లోనే ఈసారి చూడదగ్గ సినిమాలు ఉన్నాయని నా నమ్మకం. అయితే ముందు సంక్రాంతి సంగతి చూద్దాం.

ప్రకటించిన తేదీల ప్రకారం జనవరి 9న ‘ది రాజా సాబ్’, 12న ‘మన శంకరవరప్రసాద్ గారు’, 13న ‘భర్త మహాశయులకు విజ్ఞప్తి’, 14న ‘అనగనగా ఒక రాజు’, అదే సాయంత్రం ‘నారీ నారీ నడుమ మురారి’. ఆరు రోజుల్లో ఐదు సినిమాలు! వీటిలో ‘రాజా సాబ్’ మీద నాకున్న ఆసక్తి ప్రభాస్ వల్ల కాదు, మారుతి వల్ల. ‘భలే భలే మగాడివోయ్’లో మతిమరుపు అనే ఒక్క చిన్న ముక్క పట్టుకుని రెండు గంటలు నవ్వించినవాడు. ఆ చిన్నతనమే ఆయన బలం. ఏప్రిల్ నుంచి డిసెంబర్‌కి, డిసెంబర్ నుంచి జనవరికి వాయిదాలు పడుతూ వచ్చిన ఇంత భారీ సెట్ల మధ్య ఆ బలం మిగిలిందా అన్నదే ప్రశ్న. అనిల్ రావిపూడి సినిమాతో ఇబ్బంది వేరు. ‘మీసాల పిల్ల’ పాట అక్టోబర్ నుంచీ మన ఫోన్లలో తిరుగుతోంది. సినిమా విడుదలయ్యేసరికి దాన్ని మనం సగం చూసేసి ఉంటాం. మిగతా సగం కుటుంబంతో కలిసి చూస్తాం. అందులో తప్పేం లేదు, పండగ అంటే అదే కదా. కానీ దాన్ని ఎదురుచూపు అనలేం.

చివరి రెండిటి మీద మాత్రం ఆశ ఉంది. నవీన్ పోలిశెట్టి 2023 తర్వాత మళ్ళీ తెర మీదికి రాలేదు. ‘నారీ నారీ’ దర్శకుడు రామ్ అబ్బరాజు ‘సామజవరగమన’ తీసినవాడు. ఆ సినిమా 2023లో పెద్దగా హడావిడి లేకుండా వచ్చి, చూసినవాళ్ళు చెప్పుకోగా చెప్పుకోగా పెరిగింది. ఆ మాట ముందు ముందు మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు డిసెంబర్ 25. ఆరోజు వస్తున్నవాటిలో ‘శంబాల’ ఊళ్ళో పడిన ఉల్క చుట్టూ అల్లిన థ్రిల్లర్. భయపెడితే చాలు, అంతకన్నా అడగను. అసలు విషయం మిగతా రెండిట్లో ఉంది.

‘ఛాంపియన్’లో రోషన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కథ నడిచేది భైరాన్‌పల్లి నేపథ్యంలో. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఆ ఊరి మీద 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు దాడిచేసి పదుల సంఖ్యలో జనాన్ని చంపేశారు. సరిగ్గా మూడు వారాలకి, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆ కాలాన్ని మన సినిమా రెండు రకాలుగా చూపించింది. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లో అది రైతుకూలీకీ దొరకీ మధ్య యుద్ధం. 2024 ‘రజాకార్’కి వచ్చేసరికి రెండు మతాల మధ్య యుద్ధం. భైరాన్‌పల్లి జనం బురుజెక్కి ఊరిని కాపాడుకున్నారన్నది నిజం. ఆ పోరాటం వెనక భూమి ఉందన్నదీ, దొర ఉన్నాడన్నదీ నిజమే. దొరని కథలోంచి తీసేస్తే మిగిలేది పగ మాత్రమే. దర్శకుడు ప్రదీప్ అద్వైతం ఏ దారి పట్టాడో ‘గిర గిర గింగిరాగిరే’ విని చెప్పలేం. ఫుట్‌బాల్, ప్రేమ, పాట అన్నీ పెట్టుకుని ఆ బురుజు దాకా వెళ్ళడం మామూలు సాహసం కాదు. జారిపడే వీలూ అంతే ఉంది. అందుకే ముందుగా చూడాలనిపిస్తోంది.

నేను ఎక్కువగా ఎదురుచూస్తున్నది ‘దండోరా’ కోసం. మురళీకాంత్ దర్శకుడు, శివాజీ, బిందు మాధవి, నవదీప్ నటులు. ‘కలర్ ఫొటో’ నిర్మాతల్లో ఒకరైన రవీంద్ర బెనర్జీ ముప్పానేని నిర్మించారు. తెలంగాణ పల్లె, కులం, చావు: టీజర్ చెప్పిన మూడు మాటలు ఇవే. ‘బలగం’లో కూడా చావే కదా అనొచ్చు. ‘బలగం’లో చావు విడిపోయిన కుటుంబాన్ని ఒకచోటికి చేర్చింది. కాకి ముట్టిందా లేదా అన్నది అందులో ప్రశ్న. ఆ శవాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలన్న ప్రశ్న ఆ ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఊళ్ళో బొందలగడ్డ ఎవరిది, ఎవరి శవానికి ఎంత దూరం అన్నది వేరే కథ. టీజర్ చూస్తే ‘దండోరా’ ఆ కథ చెప్పబోతోందనిపిస్తోంది.

పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. ఊరందరికీ కబురు చెప్పే డప్పు ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలుసు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఆ పనిపేరునే పోరాటం పేరుగా మార్చుకుంది. ఎస్సీ వర్గీకరణ తెలంగాణలో అమల్లోకి వచ్చింది ఈ ఏడాది ఏప్రిల్‌లోనే. ఆ ఏడాదే ఈ పేరుతో సినిమా రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ పేరు పెట్టుకున్నాక సినిమా మీద ఒక బాకీ పడుతుంది: డప్పు కొట్టేవాడి గొంతు కూడా మనకి వినిపించాలి. పై కులం పెద్దమనిషి పశ్చాత్తాపంతో కథ ముగిస్తే అది మళ్ళీ ఆయన కథే అవుతుంది.

ఇంతకీ ఇవి ఎక్కడ చూస్తాం? చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వాళ్ళకి ఆ సమాధానం కాళ్ళకే తెలుసు: క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి. సింగిల్ స్క్రీన్‌లో ఏసీ టికెట్ గరిష్ఠంగా 150, జీఎస్టీతో 177 రూపాయలు. మల్టీప్లెక్స్‌లో 250, అంటే 295. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుకునేవాళ్ళకి ఆ తేడా ఒకపూట భోజనం. పొద్దంతా సెంట్రల్ లైబ్రరీలో తెలంగాణ సాయుధ పోరాటాన్ని బిట్లు బిట్లుగా బట్టీపట్టి, సాయంత్రం అదే చరిత్రని తెర మీద చూడగలిగే ప్రేక్షకులు ఇక్కడున్నంతమంది మరెక్కడా ఉండరేమో. ‘ఛాంపియన్’కి ఇంతకన్నా కఠినమైన పరీక్షాధికారులు దొరకరు!

కానీ ఈ కూడలికి ఎదురుచూపు అంటే ఇంకో అర్థం కూడా తెలుసు. 2024 డిసెంబర్ 4 రాత్రి, ‘పుష్ప 2’ ప్రీమియర్ కోసం టికెట్ మీద 800 అదనంగా పెట్టిన రాత్రి, సంధ్య 70ఎంఎం దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ నెలలోనే ముఖ్యమంత్రి అసెంబ్లీలో ఇక బెనిఫిట్ షోలు ఉండవన్నారు. ఏడాది తిరక్కుండానే, 2025 సెప్టెంబర్ 24 రాత్రి, ‘ఓజీ’కి ప్రీమియర్లు పడ్డాయి. కేసు ఎవరి మీద, తప్పెవరిది అన్నది కోర్టు చూసుకుంటుంది. ప్రేక్షకులుగా మనం చూసుకోవాల్సింది వేరే ఉంది. సినిమా అంటే మొదటి రాత్రే అని మనకి నేర్పారు. మనం నేర్చుకున్నాం.

మొదటి రాత్రి వల్ల చిన్న సినిమాకి ఒరిగేదేమీ లేదు. దానికి కావాల్సింది రెండో వారం. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’ వచ్చిన రోజే ‘హనుమాన్’ వచ్చింది. హైదరాబాద్‌లో దానికి దొరికిన థియేటర్లు చాలా తక్కువ. చూసినవాళ్ళ మాట పాకింది, తెరలు పెరిగాయి, ఆ సంక్రాంతికి పెద్ద హిట్ అదే అయింది. ‘సామజవరగమన’దీ అదే దారి. మాట పాకాలంటే మాత్రం ఈలోగా సినిమా హాల్లో ఉండాలి కదా.

డిసెంబర్ 25కీ జనవరి 9కీ మధ్య పదిహేను రోజులున్నాయి. 19న వచ్చే ‘అవతార్’ మూడో భాగం కొన్ని తెరలు పట్టుకుంటుంది. ‘రాజా సాబ్’ వచ్చాక మిగిలినవీ పోతాయి. అంటే ‘దండోరా’కి, ‘ఛాంపియన్’కి దొరికేది మహా అయితే రెండు వారాలు. మొదటి వారం స్నేహితులూ బంధువులూ చూస్తారు. రెండో వారం జనవరి 1న, గురువారం నాడు మొదలవుతుంది. ఆ వారంలో సుదర్శన్‌లోనో దేవిలోనో వాటికి రోజుకి ఒక్క ఆటైనా మిగుల్తుందా లేదా అన్నది మన 177 రూపాయలు తేలుస్తాయి. ఓటీటీలో చూద్దాంలే అనుకున్న ప్రతిసారీ ఆ ఆట ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఈ రెండూ గొప్ప సినిమాలవుతాయని హామీ ఏం లేదు. బాగాలేకపోతే బాగాలేదని ఇక్కడే రాద్దాం. అలా రాయడానికైనా అవి మనం చూసేదాకా హాల్లో ఉండాలి.