పో కన్నా ముందు మారిన షిఫూ

ఏడో తరగతిలో ‘కుంగ్ ఫూ పాండా’ వేస్తే పిల్లలు మొదట పడిపడి నవ్వుతారు. లావుపాటి పాండా పో మెట్లెక్కలేక ఆయాసపడితే నవ్వు, దెబ్బ తిని ఎగిరిపడితే ఇంకా నవ్వు. నవ్వనివ్వాలి. శిక్షణ మొదలయ్యే చోట మాత్రం సినిమా ఆపాలి. నా పాఠమంతా అక్కడే ఉంది.

తెలివి పుట్టుకతో ఖరారైపోదు, సాధనతో పెరుగుతుందన్న నమ్మకాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెరోల్ డ్వెక్ గ్రోత్ మైండ్‌సెట్ అన్నారు. పుట్టుకతో వచ్చినంతే అనుకోవడం ఫిక్స్‌డ్ మైండ్‌సెట్. మా కర్నూలు పల్లెల్లో ఈ రెండోది రోజూ వినిపిస్తుంది. బడికి వచ్చిన తల్లి కొడుకును పక్కన నిలబెట్టుకునే ‘వీనికి సదువు అబ్బదు సార్’ అంటుంది. వాడు వింటూ ఉంటాడు. కొన్నాళ్లకు ఆ మాట వాడి నోట్లోంచే వస్తుంది: ‘నాకు లెక్కలు రావు సార్.’

2008లో వచ్చిన ఈ బొమ్మల సినిమాలో ఒక చిక్కుంది. ముసలి తాబేలు ఊగ్వే పోను ముందే డ్రాగన్ వారియర్‌గా ఎంచుతుంది. ‘రాసిపెట్టి ఉన్నింది కాబట్టే వానికి వచ్చింది గదా సార్’ అంది ఒక పాప. ఆ అనుమానాన్ని దాటేయకూడదు. ఎంపికైన రోజున పోకు ఏ విద్యా రాదు. గురువు షిఫూ వాణ్ణి తరిమేయాలనే చూస్తాడు. బిస్కెట్ల కోసం వంటింట్లో పై అర దాకా ఎక్కేసిన పోను కళ్లారా చూశాకే, తిండినే పాఠంగా చేసుకుంటాడు. పో కన్నా ముందు మారింది గురువు. అందుకే ఈ సినిమా పిల్లలకెంత అవసరమో టీచర్లకూ అంత అవసరమంటాను.

అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. తెలివి సాధనతో పెరుగుతుందని చెప్పే, గంటకు మించని ఆన్‌లైన్ పాఠంతో, చదువులో వెనకబడిన పిల్లల ఫలితాలు కొద్దిగా మెరుగుపడ్డాయి. కొద్దిగానే. 2022లో పరిశోధకులు ఆ పిల్లల లెక్కల టీచర్ల వైపు చూశారు. టీచరుకూ ఆ నమ్మకం ఉన్న తరగతుల్లోనే లెక్కల మార్కులు పెరిగాయని తేలింది.

సాధనకు గురువు తోడైతే ఏమవుతుందో చెప్పడానికి కడప పిల్లలకు ఉదాహరణ ఊళ్లోనే ఉంది. 1820లో అక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఆంగ్లేయుడు సి.పి. బ్రౌన్ అప్పటికింకా తెలుగు నేర్చుకుంటున్న కుర్రాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. పట్టుదల ఆయనదే. కానీ జూలూరి అప్పయ్య వంటి పండితులు పక్కన లేకుంటే ఆ పట్టుదల ఎంతదూరం వెళ్లేది? బ్రౌన్ కథ చెప్పేటప్పుడు ఆ పండితులను వదిలేయకూడదు.

‘కష్టపడితే వస్తుంది’ అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. కోసిగి, ఆదోని వైపు పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చిన పిల్లకు భిన్నాలు రాకపోతే అది మైండ్‌సెట్ లోపం కాదు, ఆ పాఠం జరిగినప్పుడు ఆమె మిరప చేలో ఉంది. అలాంటి పిల్లలకు ముందు సినిమా వేయను. మిరపకాయలతోనే మొదలుపెడతాను. క్వింటాలులో పావు వంతు ఎన్ని కిలోలని అడిగితే ఆ పిల్ల పలక ముట్టకుండా చెబుతుంది. ఆ జవాబు పక్కనే బోర్డు మీద ఒకటి బై నాలుగు రాస్తాను.