మూత తీసే వేళ

జామాయిల్ ఆకు ఘాటు వీధిలోకి వచ్చిందంటే ఆ ఇంట్లో ఆవిరి వృథా అవుతున్నట్టేనని మా అవ్వ లెక్క. నీలగిరి చెట్టును మా గోదావరిఖని వైపు జామాయిల్ అనే అంటారు. బాపు బొగ్గు గనిలో నైట్ షిఫ్ట్ దిగి, ముక్కు దిబ్బడతో ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోని క్వార్టర్‌కు వచ్చేసరికి గంజులో నీళ్లు మరుగుతుండేవి. ఆకు మాత్రం ఇంకా పీట మీదే ఉండేది.

ఆకు ఎంపికలోనే ఆమె పనితనం మొదలయ్యేది. లేత మొక్కల వెడల్పాటి ఆకు తెచ్చేది కాదు, రాలి ఎండినది అసలే ముట్టేది కాదు. కొడవలిలా వంగి వేలాడే ముదురాకును తుంచి వెలుతురుకు పట్టేది. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనబడేవి. అవి నూనె తిత్తులు. మా దగ్గర ఆకు మీద బొగ్గు దుమ్ము పేరుకుంటుంది కాబట్టి ఒక్కో ఆకును బొటనవేలితో రుద్ది రెండు నీళ్లు కడిగేది. ఆ కడిగిన నీళ్ల రంగు నాకిప్పటికీ గుర్తే.

నీళ్లు తెర్లినంక గంజు దించి, ఆకును అప్పటికప్పుడు నలిపి, తుంచి వేసి, వెంటనే మూత పెట్టేది. కత్తి వాడేది కాదు. ఈ వరస వెనుక గట్టి కారణమే ఉంది. ఆకు నూనెలో ఉండే సినియోల్ అనే పదార్థం 176 డిగ్రీల దగ్గర గానీ మరగదు, కానీ నీటి ఆవిరి దాన్ని అంతకన్నా చాలా ముందే మోసుకుపోతుంది. ఆకుల నుంచి తైలం తీసే బట్టీల్లో జరిగేదీ ఇదే. ఆకు వేసి మూత లేకుండా మరిగిస్తే మందంతా ఇంటి కప్పుకు పోతుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ జాతిని నీలగిరి కొండల్లో 1843లో నాటారు. తైలానికి పేరుపడ్డది ఆ కొండల రకం. మన మైదానాల్లో ఎక్కువగా పెరిగే రకంలో నూనె తక్కువ. అందుకే అవ్వ రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసేది.

గంజు ఒరగకుండా కింద పాత చీర చుట్టబట్ట. బాపు మీద గొంగడి. ఆమె మూతను ముందు అవతలి అంచున ఎత్తేది, తొలి సెగ ముఖానికి కాకుండా పక్కకు పోయేట్టు. ఆ తర్వాతే ఇటువైపు, వేలెడంత సందు. కళ్లు మూసుకోమనేది. పిల్లలం మేం గొంగడిలో దూరబోతే ఒప్పుకునేది కాదు. వేడినీళ్ల గంజు పక్కన పిల్లలుండొద్దనేది. సీసాలోని నీలగిరి తైలం మాకు అందని ఎత్తున ఉండేది. అది కొద్దిగా మింగినా పసిపిల్లలకు ప్రాణం మీదికొస్తుంది.

ఆవిరి ముక్కును తేలిక చేస్తుంది, అంతవరకే. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో దిగిన బొగ్గు దుమ్మును అది తీయలేదు. అవ్వకు ఆ తేడా తెలుసు. దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకురమ్మని బాపును కంపెనీ దవాఖానకు తోలేది. నేను ఆమెను అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకునేది దీనికే.

పది నిమిషాలకు గొంగడి తొలగించి బాపు తెల్ల తువ్వాలులో ముక్కు చీదేవాడు. బట్ట మీద నల్లటి చార. అవ్వ ఆ చార వంక ఒక క్షణం చూసి, గంజు మీద మళ్లీ మూత పెట్టేది.