ముగ్గుల పుస్తకం ఎవరి డైరీ?

బొమ్మలు, రంగులు, అతికించిన కాగితం ముక్కలు, మధ్య మధ్య నాలుగు మాటలతో నింపుకునే సొంత పుస్తకాన్ని ఇప్పుడు ఆర్ట్ జర్నల్ అంటున్నారు. నగరాల్లో దానికి వర్క్‌షాపులు నడుస్తున్నాయి, మందపాటి కాగితాల పుస్తకాలు మంచి ధరకే అమ్ముడుపోతున్నాయి. ఉదాహరణగా చూపేవి మాత్రం ఎక్కువగా బయటి దేశాలవే. మెక్సికో చిత్రకారిణి ఫ్రిడా కాలో 1954లో చనిపోయేదాకా, జీవితంలో చివరి పదేళ్లు రాస్తూ గీస్తూ వచ్చిన డైరీ 1995లో అచ్చయింది. ఫొటో జర్నలిస్టు డాన్ ఎల్డన్ 1993లో సోమాలియాలో ఇరవై రెండేళ్లకే మూకదాడిలో చనిపోతే, అతని జర్నళ్ల నుంచి ఏరిన పేజీలు 1997లో పుస్తకంగా వచ్చాయి. రెండూ గొప్పవే. రెంటిలోనూ నొప్పి ఉంది, ప్రేమ ఉంది, కోపం ఉంది. బహుశా అందుకే ఆర్ట్ జర్నల్ అంటే మనసు విప్పి కుమ్మరించుకునే చోటు అన్న అభిప్రాయం స్థిరపడింది. ఆ అభిప్రాయంతో చూస్తే తెలుగిళ్లలో ఆడపిల్లలు ఏళ్ల తరబడి నింపే ముగ్గుల పుస్తకం లెక్కలోకి రాదు. అందులో ఏడుపు లేదు, ‘నేను’ అన్న మాటే లేదు. అయినా అది ఆర్ట్ జర్నలే అని నా వాదన. మనిషి తనను తాను చెప్పుకోవడానికి చేసే ఎంపికలు చాలునని చూపించే పుస్తకం అది.

ముందు ఆ పుస్తకం ఎలా ఉంటుందో చూద్దాం. సాధారణంగా అది బడిలో లెక్కలకు వాడగా మిగిలిన గళ్ల పుస్తకమో, లాంగ్ నోటుబుక్కో. పేజీకి ఒక ముగ్గు, పక్కన ‘15 చుక్కలు, 8 దాకా, సందుచుక్క’ అని ఒక ముక్క. అక్కడక్కడా పత్రికల మహిళల పేజీల నుంచి కత్తిరించి అంటించిన ముగ్గు, ఒక మూల పూర్తికాక వదిలేసినది, సగందాకా స్కెచ్ పెన్నుతో రంగు నింపినది. ఇల్లెందు నుంచి కొత్తగూడెం పోయే దారిలోని టేకులపల్లి లాంటి చోట ఇంకో సంగతి తోడవుతుంది. ఒకపక్క కోయగూడేలు, లంబాడీ తండాలు. మరోపక్క 1889లో ఇల్లెందులో మొదలైన సింగరేణి తవ్వకాలతో నలుదిక్కుల నుంచీ జనం వచ్చి చేరిన బొగ్గు ఊళ్లు. ఇలాంటి చోట ముగ్గు ఇరుగు వాకిలి నుంచి పొరుగు వాకిలికి, అక్కడి నుంచి నోటుబుక్కులోకి నడుస్తుంది. ఎవరి దగ్గర ఏది దించుకున్నారో పేజీలు తిప్పితే కొంతవరకు తెలిసిపోతుంది.

ఇక పనితనం. డిజైన్ పాఠాల్లో బిందువు, రేఖ, ఆకారం, ఖాళీ, లయ, రంగు అని వరుసగా చెబుతారు. ముగ్గులో ఇవన్నీ ఆ క్రమంలోనే చేతికి వస్తాయి, కాకపోతే పాఠంలా రావు. మొదటి నిర్ణయం చుక్కల దగ్గరే జరిగిపోతుంది. సరిచుక్క పెడితే చుక్క కింద చుక్క నిలువుగా వస్తుంది. మధ్య వరుసలో పదిహేనుతో మొదలుపెట్టి, పైకీ కిందికీ వరుసకు రెండేసి తగ్గిస్తూ ఒకటికి వస్తే 113 చుక్కల డైమండు ఏర్పడుతుంది. దాని మీద నాలుగు మూలల, ఎనిమిది మూలల ఆకారాలు హాయిగా కుదురుతాయి. సందుచుక్కలో రెండు చుక్కల సందున మూడోది పడుతుంది. మధ్య వరుసలో పదిహేనుతోనే మొదలుపెట్టి, ఒక్కొక్కటి తగ్గిస్తూ ఎనిమిదికి వస్తే 169 చుక్కల ఆరు పలకల బొమ్మ. ఆరు రేకుల పువ్వులూ ఆరు కోణాల నక్షత్రాలూ ఇక్కడే పుడతాయి. గీత గీయకముందే ముగ్గు స్వభావంలో సగం తేలిపోయిందన్నమాట. ఎన్ని చుక్కలు, ఏ పద్ధతి, ఎక్కడ ఆపాలి అన్నవి గీసేవాళ్ల ఇష్టం.

తర్వాత గీత. గీతల ముగ్గులో గీత చుక్కల్ని కలుపుతుంది. మెలికల ముగ్గులో చుక్కల్ని ముట్టుకోకుండా వాటి చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే చేరుతుంది. మెలికలో ఒక్కచోట దారి మార్చినా ఒకే గీతగా తిరగాల్సింది రెండుగా విడిపోవచ్చు. అందుకే మెలిక వేసేవాళ్ల కన్ను ఎప్పుడూ చేతికంటే నాలుగు చుక్కలు ముందుంటుంది. మూడోది ఖాళీ. కొత్తగా నేర్చుకునేవాళ్లు గీతనే చూస్తారు. చేయి తిరిగినవాళ్లు గీతల మధ్య మిగిలిన నేలను చూస్తారు, ఎందుకంటే కంటికి ఆనేది ఆ రెంటి నిష్పత్తే. వాకిట్లో కల్లాపి చల్లిన ముదురు నేల మీద తెల్లని పిండి పడుతుంది. పుస్తకంలో తెల్ల కాగితం మీద నల్ల గీత. వెలుగూ చీకటీ తారుమారైనాయి. పేజీలో చూసిన ముగ్గు నేల మీద వేరుగా కనిపించడానికి ఇదొక కారణం. జానెడు పేజీలోని బొమ్మ ఆరడుగులకు పెరగాలంటే చుక్కల మధ్య ఎడమెంత ఉండాలో మళ్లీ ఆలోచించాలి. పుస్తకం నుంచి వాకిట్లోకీ, వాకిట్లో నుంచి పుస్తకంలోకీ మార్చే ప్రతిసారీ ముగ్గు కొంత కొత్తగా తయారవుతుంది. రంగుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సంక్రాంతికి అందరూ నింపుతారు, ఎక్కువమంది అతిగానే నింపుతారు. తెల్ల గీతకు ఊపిరాడేలా వదలడం తెలిసినవాళ్లు తక్కువ.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ముగ్గుల పుస్తకంలో ఉన్నదంతా నకలు కదా, ఒకరిది చూసి ఇంకొకరు దించుకున్నది సృజన ఎలా అవుతుంది? చూసి గీసినవి చాలా ఉన్న మాట నిజమే. కానీ మెలికను చూసి దించడం కూడా అచ్చు తీయడం లాంటిది కాదు. దాని వెనుక నియమం పట్టుబడితే తప్ప గీత ముందుకు సాగదు. ఈ నియమాల లోతును గణితం వాళ్లు పట్టించుకున్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970లలో తమిళ కోలాలను తీసుకుని, బొమ్మల్ని పుట్టించే వ్యాకరణాలు ఎలా పనిచేస్తాయో కంప్యూటర్ శాస్త్రం వైపు నుంచి రాశారు. మన మెలిక ముగ్గుకు కోలం దగ్గరి చుట్టమే. వ్యాకరణం ఉన్నచోట కొత్త వాక్యాలు పుడతాయి. ధనుర్మాసం నెల పొడవునా రోజుకో ముగ్గు వేయాలని పట్టుబట్టే వీధిలో, నాలుగో రోజు నుంచి చూసి దించుకోవడానికి కొత్తవి దొరకవు. అప్పుడు రెండు పాత ముగ్గుల్ని కలుపుతారు, ఒక మూల మారుస్తారు, మధ్య పువ్వు తీసేసి చిలకను పెడతారు. ఆ మార్పులే పుస్తకంలోకి ఎక్కుతాయి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సరే, నేర్పు ఉంది, మనిషి ఎక్కడ? కాలో డైరీ చదివితే కాలో తెలుస్తుంది, ముగ్గుల పుస్తకం చూస్తే గీసినామె గురించి ఏం తెలుస్తుంది? దీనికి జవాబు టేకులపల్లి చుట్టూ ఉన్న అడవిలోనే ఉంది. కోయల పడిగె చూడండి. మూడు మూలల గుడ్డ మీద తమ గట్టు (గోత్రం) పుట్టుక, వంశం, ఇలవేల్పుల కథ బొమ్మలుగా ఉంటుంది. కొలుపుల్లో దాన్ని విప్పితే డోలి కోయలు ఆ చరిత్రను పాడి వినిపిస్తారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకినె రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ పాటల పరంపరకే. పడిగెలో ‘నేను’ లేదు, ‘మేము’ ఉంది. అయినా అది జ్ఞాపకాన్ని బొమ్మలో దాచిన పుస్తకం కాదని ఎవరూ అనరు. తండాల్లో లంబాడీ ఆడవాళ్ల కాంచళి రవికెలు, పేట్య పావడాల మీద అద్దాలూ గవ్వలూ కుట్టుపూలూ చూడండి. తెగ మొత్తానికీ ఒకటే పద్ధతి, కానీ ఏ అద్దం పక్కన ఏ రంగు దారం రావాలో కుట్టేవాళ్లదే నిర్ణయం. ముగ్గుల పుస్తకం ఈ రెంటి నడుమ నిలుస్తుంది. పద్ధతి అందరిదీ, ఎంపిక ఒక్కరిది. ఒకే ఇంట్లో అక్క పుస్తకం నిండా మెలికలు, చెల్లెలి పుస్తకం నిండా చిలకలూ నెమళ్లూ ఉండటం యాదృచ్ఛికం అనుకోలేం. ఓపికా, తొందరా, ఖాళీ అంటే భయమా ఇష్టమా, ఇవన్నీ పేజీల్లో పడుతూనే ఉంటాయి. ఇంకో మాట. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు పడదు. వీధిలో నడిచేవాళ్లంతా ఆ ఖాళీ వాకిలిని చదవగలరు. దుఃఖం చెప్పడానికి బొమ్మ వేయకపోవడం కూడా ఒక పద్ధతని కాలో అభిమానులు ఒప్పుకుంటారనే అనుకుంటాను.

మూడోది అభ్యంతరం కంటే ఫిర్యాదు అనాలి, అందులో న్యాయముంది. తెల్లారకముందే లేచి ఊడ్చి, చల్లి, ముగ్గేయడం ఆడవాళ్ల మీద మోపిన చాకిరీ. వాకిలి చూసి కోడలి పనితనాన్ని తూచే కళ్లకు ఈ దేశంలో కొరత లేదు. దాన్ని కళ అని పొగిడి చాకిరీని కప్పిపెట్టకూడదు. కానీ ఈ ఫిర్యాదు వాకిలికి వర్తించినంతగా పుస్తకానికి వర్తించదు. పుస్తకం నింపమని ఎవరూ చెప్పలేదు. నింపకపోతే అడిగేవాళ్లూ లేరు. మధ్యాహ్నం పని సద్దుమణిగాక, బడి సెలవుల్లో, తన కోసం తీసుకున్న సమయం అది. పైగా ఈ పుస్తకాలు పట్టుకునే చేతులన్నీ ఆడవాళ్లవే కావాలన్న రూలెవరూ రాయలేదు. మగపిల్లలకు చుక్కలు పెట్టడం నేర్పితే చాకిరీలో భాగమూ పంచినట్టే, విద్యలో భాగమూ పంచినట్టే.

ఇప్పుడు వాకిట్లో అంటించే స్టిక్కర్లు, పిండి జల్లితే ముగ్గు పడే అచ్చులు, యూట్యూబ్ వీడియోలు వచ్చాయి. వీడియోల వల్ల నష్టమేమీ లేదు, అది పాత మహిళల పేజీకి కొత్త రూపం. స్టిక్కరు మాత్రం ఎంపికను ఒక్కదానికి కుదిస్తుంది, దుకాణంలో ఏది కొనాలన్నదానికి. అసలు పోతున్నది పుస్తకాలే. జానపద, గిరిజన కళారూపాలను, పడిగెల్లాంటి వాటిని సేకరించి భద్రపరిచిన పండితులు ఉన్నారు, జయధీర్ తిరుమలరావు వారిలో ఒకరు. ముగ్గుల నోటుబుక్కులకు అలాంటి భాగ్యం దొరకలేదు. పెళ్లయి వెళ్లిన పిల్ల పుస్తకం పాత పేపర్లతో కలిసి తూకానికి పోతుంది. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో డ్రాయింగ్ పీరియడ్‌కు పిల్లవాడికో గళ్ల పుస్తకం ఇచ్చి, వారానికి ఒక పేజీ వేయమనవచ్చు. కోయ పిల్ల పడిగె బొమ్మ వేసుకోవచ్చు, తండా పిల్ల కుట్టుపూలు వేసుకోవచ్చు. కింద తేదీ, ఎన్ని చుక్కలు, ఎవరి దగ్గర నేర్చుకున్నది అని మూడు ముక్కలు రాయిస్తే చాలు. ఏడాదికి దాదాపు నలభై పేజీలు అవుతాయి. వాటికి మార్కులు వేయకూడదు. వేస్తే అందరూ ఎక్కువ మార్కులొచ్చిన ముగ్గునే వేస్తారు.